కోళ్లు గూడు వదిలేసి మునగచెట్టు ఎక్కుతున్నాయి, గుడ్లేమో కట్టెల వెనక పెడుతున్నాయి

ఖమ్మం_పెరడు:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం శివారు, ఇంటి వెనక రెండు గుంటల జాగా, చుట్టూ ప్రహరీ. నాటు పెట్టలు 3, పుంజు 1 ఎప్పటినుంచో ఉన్నాయి. మొన్న వేసవి ముందు గుడ్ల కోసం పెంచే గ్రామప్రియ రకం కోడిపిల్లల్ని 4 తెచ్చాం, అవి ఇప్పుడిప్పుడే గుడ్లకొస్తున్నాయి. వడ్రంగితో గూడు చేయించాను, పైన గుడ్లు పెట్టడానికి మూడు అరలు, వరిగడ్డి పరిచి, కింద పడుకోవడానికి జానెడు ఎత్తులో ఒక వెదురు బొంగు, ముందు జాలీ, పైన రేకు. ఖర్చు బాగానే అయింది.

కానీ ఒక్క కోడీ చెప్పిన మాట వినట్లేదు. పొద్దుగూకే వేళకి నాటువి ప్రహరీ ఎక్కి, అక్కడినుంచి బాత్రూమ్ సన్‌షేడ్ మీదకి, అక్కడినుంచి మునగచెట్టు మీదకి. వానలో ముద్దగా తడుస్తాయి గానీ దిగవు, పుంజు కూడా వాటి వెనకే. గ్రామప్రియలు గూట్లోకే వెళ్తాయి, కాకపోతే బొంగు మీద కాదు, గుడ్ల అరల్లో ఇరుక్కుని పడుకుంటాయి. తెల్లారేసరికి గడ్డంతా రెట్ట. గుడ్లేమో కట్టెల మోపు వెనక పెడుతున్నాయి, మొన్న ఒకేచోట పది పైనే దొరికాయి. వీధిలో మానుపిల్లి తిరుగుతోందని అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. మా బావమరిది రెక్కలు కత్తిరించేయ్ అంటున్నాడు. ఏం చేయాలి?

గోదారి_కోళ్లు:
కోళ్ల తప్పేం లేదండీ, మీ గూడే తలకిందులుగా ఉంది. కోడికి పడుకునే చోటు, గుడ్డు పెట్టే చోటు రెండూ వేరువేరు లెక్కలు. అడవికోడిని చూడండి, రాత్రి చెట్టు కొమ్మ మీద పడుకుంటుంది, గుడ్లు మాత్రం నేల మీద పొద చాటున పెడుతుంది. చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు, కింద ఉంటే ఏది వచ్చి పట్టుకున్నా పారిపోలేదు, అందుకని అందినంత ఎత్తు వెతుక్కుంటుంది. గుడ్డు పెట్టేటప్పుడు మాత్రం ఎవరి కంటా పడకుండా, కాస్త చీకటిగా, ఒళ్లు ఆనించుకుని ఒదిగేలా ఉండాలి. మీ కట్టెల మోపు వెనక సరిగ్గా అలాగే ఉండి ఉంటుంది. మీ గూట్లో అందరికంటే పైన ఉన్నవి గుడ్ల అరలు కాబట్టి గ్రామప్రియలు అక్కడే పడుకున్నాయి, వాటి లెక్కలో అది మంచం.

అరలు కిందికి దించండి, నేలనుంచి అడుగు ఎత్తు చాలు. ఒక్కో అర అడుగు వెడల్పు, అడుగు లోతు, ముందు గోనెపట్టా సగం దాకా వేలాడదీస్తే లోపల చీకటిగా ఉంటుంది. 7 పెట్టలకి రెండు సరిపోతాయి, మూడు పెట్టినా అన్నీ కలిసి ఒకే అర కోసం క్యూ కడతాయి, అది మామూలే.

వెదురు బొంగు తీసేయండి, నున్నగా ఉండి జారుతుంది. రెండు అంగుళాల వెడల్పున్న చెక్క రీపర్ (పొడవాటి బద్ద) తీసుకుని పై అంచులు కొంచెం గుండ్రంగా చిత్రిక పట్టించి, అరలకంటే కనీసం అడుగు పైన బిగించండి. కోడికి 9 అంగుళాలు అనుకుంటే మీ 8 కోళ్లకి మొత్తం 6 అడుగుల పొడవు కావాలి. రెండు రీపర్లు వేస్తే రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే రోజూ సాయంత్రం పైదాని కోసం పొడుచుకుంటాయి, చివరికి బలహీనమైనది మళ్లీ అరలోనే దూరుతుంది. గ్రామప్రియలు నాటువాటంత ఎగరలేవు, మరీ ఎత్తునుంచి దూకితే అరికాళ్లు వాచి పుండ్లు పడతాయి, మధ్యలో ఒక చెక్క మెట్టులా పెట్టండి.

కరీంనగర్_అక్క:
పైన చెప్పింది నిజమే గానీ తమ్ముడూ, గూడు మార్చినంత మాత్రాన నాటువి రేపు సాయంత్రమే లోపలికి రావు. అవి చెట్టుకి అలవాటు పడ్డాయి. ఇదివరకు ఎక్కడ పడుకునేవి?

రెక్కలు మాత్రం కత్తిరించొద్దు. మీవి ఒక్క ఊపున ఎగిరి చెట్టెక్కట్లేదు కదా, గోడ, సన్‌షేడ్, కొమ్మ అని మెట్లు మెట్లుగా వెళ్తున్నాయి. ఈకలు కత్తిరించినా ఎలాగోలా ఎక్కుతాయి, పిల్లి వస్తే మాత్రం తప్పించుకోలేవు. దానికంటే సన్‌షేడ్ మీద జాలీ ముక్క అడ్డం పెట్టి దారి మూసేయండి.

బాగా చీకటి పడ్డాక దించండి. ఆ వేళకి కోడి మబ్బుగా ఉంటుంది, రెండు చేతులతో రెక్కలు కలిపి పట్టుకుంటే గోల చేయదు. నిచ్చెన వేసుకోండి, మునగ కొమ్మ పెళుసు, దాన్ని నమ్ముకుని ఎక్కకండి. తెచ్చి రీపర్ మీద కూర్చోబెట్టి తలుపు వేసేయడమే, నీళ్లు, కాస్త మేత లోపలే ఉంచి మర్నాడు 11 దాకా తీయొద్దు. గుడ్లు ఎక్కువగా పొద్దున పూటే పెడతాయి కాబట్టి ఆ గుడ్లు కూడా లోపలే పడతాయి. వారం పది రోజులు విసుక్కోకుండా ఇలా చేయండి, సాయంత్రం నూకలు, జొన్నలు పెరట్లో చల్లకుండా గూట్లోనే వేయండి.

ఇంకోటి, రాత్రి టార్చి వేసి చెక్కల సందులు చూడండి. పగలంతా సందుల్లో దాక్కుని రాత్రిపూట రక్తం పీల్చే పురుగులుంటాయి. అవి పడితే ఏ కోడీ ఆ గూట్లోకి పోదు, మీరు ఎంత మంచిగా కట్టించినా సరే.

పశువైద్యం_చదువుతున్నా:
అక్క చెప్పినదానికి చిన్న సవరణ. కోడి లోపల ఒక గుడ్డు తయారవడానికి 24 గంటలకు పైనే, దాదాపు 25 గంటలు పడుతుంది. అందుకని రోజురోజుకీ పెట్టే టైమ్ ఆలస్యమవుతూ పోయి, మధ్యాహ్నం దాటాక ఒకరోజు మానేసి మళ్లీ పొద్దున మొదలుపెడుతుంది. 11కి తలుపు తీసినా, మధ్యాహ్నం పెట్టే పెట్ట ఆ రోజు కట్టెల దగ్గరికే పోతుంది. ఆ మోపు వెనక సందు మూసేసి, కొత్త అరలో బొగ్గుతో గీత గీసిన ఒక గుడ్డు వదిలేయండి. ముందే గుడ్డు ఉన్న చోట పెట్టడానికి ఇష్టపడతాయి. చెక్కతో చేసిన ఉత్తుత్తి గుడ్డు పెట్టినా మోసపోతాయి.

డాలస్_పెట్టలు:
మా కొత్త పెట్టలూ అరల్లోనే పడుకునేవి. సాయంత్రం అరలకి అట్టముక్కలు అడ్డం పెట్టి, అవి రీపర్ ఎక్కాక చీకట్లో తీసేసేవాళ్లం, లేకపోతే పొద్దున్నే గుడ్డు పెట్టేదానికి దారి ఉండదు. గడియ కూడా చూసుకోండి, ఇక్కడ అమెరికాలో రకూన్లని రాత్రిపూట తిరిగే జంతువులుంటాయి, అవి మామూలు గడియ చేత్తో తీసేస్తాయి, మీ మానుపిల్లి సంగతి నాకు తెలీదు గానీ చిన్న తాళం వేస్తే పోయేదేముంది.

ఖమ్మం_పెరడు:
అక్కా, ఇదివరకు పశువుల కొట్టంలో పైన దూలం మీద పడుకునేవి, గేదెల్ని అమ్మేశాక కొట్టం తీసేశాం. మీరు అడిగాకే అర్థమైంది.

వడ్రంగి రేపు వస్తానన్నాడు. ఈలోగా ఇంకో సంగతి. నాటువాటిలో నల్లపెట్ట నిన్నటినుంచి చెట్టెక్కట్లేదు. కట్టెల వెనకే చదునుగా పరుచుకుని కూర్చుంది, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటోంది. జబ్బు చేసిందా?

గోదారి_కోళ్లు:
జబ్బు కాదండీ, పొదుగుకొచ్చింది, అంటే గుడ్లు పొదగడానికి కూర్చుంది. రోజుకి ఒకటి రెండుసార్లు లేచి నాలుగు గింజలు తిని, ఇంత పెద్ద కంపు రెట్ట వేసి పరుగున మళ్లీ వెళ్లి కూర్చుంటుంది చూడండి. పొట్ట కింద ఈకలు రాలిపోయి ఉంటే ఇక డౌటే లేదు. పొదుగులో ఉన్న కోడి రాత్రి కూడా నేల మీదే ఉంటుంది కాబట్టి మానుపిల్లికి ముందు దొరికేది అదే, ఈ రాత్రికే మార్చేయండి.

పిల్లలు కావాలంటే మంచి అవకాశం. గ్రామప్రియలు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు గుడ్ల కోసం తయారుచేసిన రకం, వాటికి పొదిగే బుద్ధి తక్కువ, ఆ పని నాటుపెట్టే చేయాలి. కట్టెల వెనక దొరికిన గుడ్లు పెట్టకండి, ఏది ఏ రోజుదో తెలీదు. వారంలోపు గుడ్లు 10 ఏరి, అన్నీ ఒకేసారి పెట్టండి, లెక్కకి 21వ రోజు పిల్లలు. గ్రామప్రియ గుడ్లు కూడా పొదుగుతాయి, మీ పుంజు వాటితోనూ తిరుగుతుంది కదా, కాకపోతే ఆ పిల్లలు పెద్దయ్యాక తల్లి పెట్టినన్ని గుడ్లు పెడతాయనుకోవద్దు.

పిల్లలు వద్దంటే అడుగున జాలీ ఉండి కిందనుంచి గాలి తగిలే పంజరంలో మూడు నాలుగు రోజులు ఉంచండి, గడ్డి వేయొద్దు, మేత నీళ్లు మానొద్దు. పొట్టకి వేడి తగ్గితే పొదుగు దిగుతుంది.

కరీంనగర్_అక్క:
మా వైపు నీళ్లలో ముంచి తీస్తారు, ఒక్కోసారి పనిచేస్తుంది.

గోదారి_కోళ్లు:
ఈ వానల్లో తడిపితే రొంప పట్టించినట్టే అక్కా. ముక్కులో ఈక గుచ్చేవాళ్లు కూడా ఉన్నారు, అది ఇంకా అన్యాయం.

ఖమ్మం_పెరడు:
పిల్లలే కావాలి, మా అమ్మాయి పట్టు పట్టింది. వెనక వరండాలో గంప కింద పెడదామనుకుంటున్నా. అడుగున ఊక వేయాలా, ఇసుక వేయాలా?

కరీంనగర్_అక్క:
ఉత్త ఊక అయితే కోడి కదిలినప్పుడల్లా చెదిరి గుడ్లు పక్కకి దొర్లిపోతాయి. వెడల్పు తట్టలో అడుగున ఇసుక, పైన గడ్డి గుండ్రంగా చుట్టి వేయండి, మధ్యలో కొంచెం పల్లం ఉండాలి. కోడిని బాగా చీకటి పడ్డాకే మార్చండి, పగలు మారిస్తే లేచి మళ్లీ కట్టెల దగ్గరికే పోతుంది. గంప మీద రాయి పెట్టడం మర్చిపోకండి. రోజూ ఒకసారి గంప ఎత్తితే తిని, రెట్ట వేసి వస్తుంది. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని మా అత్తమ్మ ఒక ఇనుప మేకు, ఎండుమిర్చి, బొగ్గు ముక్క కూడా తట్టలో వేస్తుంది, మీ ఇంట్లో పెద్దవాళ్లు వేయమంటే వేసేయండి, కోడి పట్టించుకోదు.