మళ్లీ మొదటిసారి చూసుడు మనకైతే కాదు, పిల్లలకన్నా ఆ మొదటిసారి పాడుగాకుండ ఎట్ల చూపియ్యాలె?

కాజీపేట_జంక్షన్:
మతిమరుపొస్తే మంచిగుండు, మళ్లొకసారి కొత్తగ చూడొచ్చు అనిపించే సినిమాలు అందరికి ఉంటయి. నా లిస్టుల 'మాయాబజార్', 'శివ', 'అనుకోకుండా ఒక రోజు', 'బాహుబలి' రెండు భాగాలు. మే సెలవులకు హన్మకొండకు మా అక్క పిల్లలు వస్తున్నరు, 14 ఏండ్ల పోరి, 17 ఏండ్ల పోరడు. ఇవేవీ పూర్తిగ చూడలే. బంగ్ల మీద ప్రొజెక్టర్ పెట్టి చూపియ్యాలని ఉంది. ఏది ముందు, ఏది ఎనక? రంగుల 'మాయాబజార్' చూపియ్యాల్నా, నలుపు తెలుపుదా? ప్రొజెక్టర్, తెర, సౌండు లెక్క తెలిసినోళ్లు వివరంగ చెప్పుర్రి. మనుషులం ఎనిమిది మందిమి.

రీలు_డబ్బా:
మీ లిస్టులో నాలుగూ నాలుగు రకాలు. అన్నిటికీ ఒకే జాగ్రత్త పనికిరాదు.

'అనుకోకుండా ఒక రోజు' (2005) అసలు విషయం తెలియకపోవడం మీదే నిలబడ్డ సినిమా. నిద్ర లేచిన అమ్మాయికి మధ్యలో ఒక రోజు లెక్క దొరకదు. పిల్లలకు ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పొద్దు. యూట్యూబ్‌లో సినిమా కింద రాసే కథ, కామెంట్లు, పక్కన వచ్చే క్లిప్పుల బొమ్మలు, మూడూ ప్రమాదమే. లింకు ముందే తెరిచి, ఫుల్ స్క్రీన్ చేసి, మొదటి ఫ్రేము దగ్గర ఆపి పెట్టుకోండి. ఓటీటీలో ఉంటే పిల్లల పేరుతో కొత్త ప్రొఫైల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ప్రివ్యూలు వాటంతటవే ఆడే ఆప్షన్ ఆపేయండి. అది చాలామంది మర్చిపోతారు. రిమోట్ ఆ సినిమా బొమ్మ మీద రెండు సెకన్లు ఆగితే చాలు, ట్రైలర్ మొదలవుతుంది.

'శివ' (1989) సంగతి వేరు. సైకిల్ చైను తెంపే ముక్కను ఫోన్లో చూడనివాళ్లు లేరు, దాన్ని దాచలేం. కానీ ఆ సీను ముందు కాలేజీలో భయం ఎలా పేరుకుంటుందో క్లిప్పులో ఉండదు. మొదటిసారి చూడటమంటే ఇక్కడ ఆ పేరుకోవడమే. అందుకే మధ్యలో ఆపకుండా, వెనక్కి తిప్పకుండా ఆడించాలి. కొట్లాటలు గట్టిగానే ఉంటాయి, 14 ఏళ్ల పాపకు చూపించే ముందు అక్కను ఒక మాట అడగండి.

'బాహుబలి' మొదటి భాగం 2015 జూలైలో వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్‌లో. మధ్యలో దాదాపు రెండేళ్లు రాష్ట్రమంతా ఒకటే ప్రశ్న. ఈ పిల్లలకు జవాబు ఎక్కడో చెవిన పడే ఉంటుంది. పడకపోయి ఉంటే మాత్రం రెండు భాగాలూ వరుసగా వేయకండి. కనీసం వారం ఎడం పెట్టండి, ఆ వారం వాళ్లే తలోమాట అనుకుంటారు. రెండూ కలిపి కత్తిరించిన ఒకే సినిమా కూడా వచ్చింది, ఈ పనికి అది పనికిరాదు.

'మాయాబజార్' (1957) నలుపు తెలుపుదే. ఆ వెన్నెల, ఆ నీడలు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపు కోసం పెట్టిన లైటింగ్. 2010లో రంగులద్దినప్పుడు నిడివి తగ్గించారు, శబ్దం కూడా మార్చారు.

పరకాల_పిక్చర్:
ప్రొజెక్టర్ సంగతి నేను జెప్త.

తెర 8 అడుగుల వెడల్పు, 4.5 అడుగుల ఎత్తు చాలు. అంటే 36 చదరపు అడుగులు. ప్రొజెక్టర్ ల్యూమెన్స్‌ను, అంటే అది ఇచ్చే వెలుగు కొలతను, 36 తోని భాగించుర్రి. పూర్తి చీకట్ల 14 వస్తే సినిమా హాలంత వెలుగు. గట్ల జూస్తే 500 ఆన్సీ ల్యూమెన్స్ సరిపోతది. 'ఆన్సీ' (ANSI, ఒక ఖాయం పద్ధతిల కొలిచిన లెక్క) అన్న మాట చూసుకోవాలె. డబ్బా మీద ఉత్త '9000 ల్యూమెన్స్' అని ఉన్న సస్తా మాల్ నమ్మొద్దు, అది వేరే లెక్క. కిరాయికి తెస్తే ఆఫీసులల్ల వాడే 3000 ఆన్సీది దొరుకుతది. అది ఎక్కువైతది గనుక వెలుగు తగ్గించే ఎకో మోడ్‌ల పెట్టుర్రి, ఫ్యాను లొల్లి గుడ తగ్గుతది.

దూరం: త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంల ప్రొజెక్టర్ పెట్టాల్నో చెప్పే అంకె) ఎంతుంటె దాన్ని తెర వెడల్పుతోని గుణించాలె. 1.5 ఉంటే 12 అడుగులు, 1.2 ఉంటే 9.6 అడుగులు. తెచ్చే ముందే బంగ్ల టేపుతోని కొలుసుకోర్రి. ప్రొజెక్టర్‌ను ఓరగ పెట్టి, వంకర బొమ్మను సాపు చేసే కీస్టోన్ సెట్టింగ్‌తోని సరిజేస్తే బొమ్మ మసకబడ్తది, పేర్లు పడేటప్పుడు అక్షరాల అంచుల కాడ తెలుస్తది. స్టూలు ఎత్తు మార్చుకొని తిన్నగ పెట్టుడే మంచిది.

తెరకు దుప్పటి కట్టొద్దు. సగం వెలుగు ఎన్కకు పోతది, గాలికి తెరచాప లెక్క ఉబ్బుతది. మెట్ల రూము గోడ తెల్లగ, నున్నగ ఉంటే అదే మంచి తెర. లేదంటే ఫ్లెక్సీ కొట్టే షాపుల ప్రింటు లేని ఫ్లెక్సీ 9 అడుగులు, 5 అడుగులు కోపియ్యుర్రి. నిగనిగలాడే దిక్కు కాదు, మెరుపు లేని దిక్కు ముందుకు రావాలె. లేకుంటే నడుమ ఎలుగు మచ్చ గనవడ్తది. కింది అంచు మడిచి ఒక పైపు దూర్చుర్రి, బరువుకు సాఫ్‌గ నిలబడ్తది. గాలిదుమారం సూచన ఉంటే ఆ రోజు బంద్ పెట్టుకోర్రి.

టైము: మేల పొద్దు ఆరున్నర దాటినంక గుంకినా, ఏడుంబావు దాక తెర మీద నలుపు నలుపు లెక్క ఉండది. స్లాబు గుడ పొయ్యి మీది పెంకు లెక్కనే ఉంటది. ఆరు గంటలకు నీళ్లు జల్లి, ఎనిమిదికి షురూ జెయ్యుర్రి. ప్రొజెక్టర్‌ను స్లాబు మీద పెట్టొద్దు, గాలి పీల్చే దిక్కు గోడకు ఆనియ్యొద్దు. లోపల వేడెక్కితే దానంతట అదే బంద్ అయితది, అదీ క్లైమాక్స్ కాడనే అయితది.

ల్యాంపు ప్రొజెక్టర్ 250 నుంచి 300 వాట్లు గుంజుతది. కరెంటు పటుక్కున పోతే ఫ్యాను ఆగి ల్యాంపు ఖరాబైతది, అందుకే ఇన్వర్టర్ లైనుకే పెట్టాలె.

కాజీపేట_జంక్షన్:
శుక్రియా అన్నా. మెట్ల రూము గోడ ఉంది, లేత పసుపు రంగు. నడుస్తదా? సౌండుకు రెండు బ్లూటూత్ స్పీకర్లు ఉన్నయి. ఫోన్ల నుంచే కాస్ట్ చేద్దామనుకున్న.

పరకాల_పిక్చర్:
పసుపు గోడ మీద నలుపు తెలుపు బొమ్మ పాత ఫొటో రంగుకొస్తది. తెల్ల డిస్టెంపర్ ఒక్క కోటు ఎయ్యుర్రి.

ఫోన్ కాస్టింగ్ వద్దు. శానా ఓటీటీ యాప్‌లు స్క్రీన్ మిర్రర్ చేస్తే మాటలు వినవడ్తయి, తెర నల్లగ ఉంటది. అది రిపేరు గాదు, కాపీ కాకుండ పెట్టిన తాళం. ప్రొజెక్టర్‌లనే ఉన్న యాప్‌లు గుడ కొన్నిట్ల మసకగనే ఆడతయి. ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐ రంధ్రానికి ఓటీటీ యాప్‌లు ఆడే టీవీ స్టిక్ పెట్టుడు ఖాయం పద్ధతి. మొబైల్ డేటా అయితే హెచ్‌డీకి గంటకు 3 జీబీ దాక పోతది, ఆ లెక్కన రీచార్జ్ చూసుకోర్రి.

బ్లూటూత్ వద్దనే చెప్త. పెదవి కదిలినంక మాట వస్తది. రెండు స్పీకర్లు రెండు తీర్లుగ ఆలస్యమైతే ఇంక అధ్వాన్నం. 10 మీటర్ల ఆక్స్ వైరు (సౌండు వైరు) ప్రొజెక్టర్ నుంచి గుంజి, స్పీకర్ తెర కింద పెట్టుర్రి. మాట బొమ్మ నోట్ల నుంచే రావాలె, మన ఈపు ఎనక నుంచి గాదు.

వడ్డేపల్లి_కట్ట:
'మాయాబజార్' విషయంలో రీలు_డబ్బా గారితో సగమే ఏకీభవిస్తా. నలుపు తెలుపు సరే, కానీ దాన్ని మొదటి రోజు వేయకండి. మూడు గంటల పైన సినిమా, ఎనిమిదికి మొదలెడితే పదకొండు దాటుతుంది. ముందు 'అనుకోకుండా ఒక రోజు', మర్నాడు 'శివ' వేసి, చీకట్లో కూర్చోవడం అలవాటయ్యాక దీన్ని తీయండి. గంటన్నర దగ్గర పావుగంట ఆపండి, పాట మధ్యలో మాత్రం ఆపొద్దు.

బొమ్మ నిష్పత్తి చూసుకోవాలి. ఆ రోజుల్లో తీసిన కొలత 1.37కి 1. మీ 4.5 అడుగుల ఎత్తుకు ఆరడుగుల పైచిలుకు వెడల్పే వస్తుంది, రెండు పక్కలా నల్లగా మిగులుతుంది. ఆ ఖాళీ నింపాలని జూమ్ చేస్తే తలలు తెగుతాయి, స్ట్రెచ్ చేస్తే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరే లడ్డూ కోడిగుడ్డవుతుంది. నెట్‌లో సాగదీసి పెట్టిన కాపీలు కూడా ఉంటాయి, ముందురోజే ఆ లడ్డూ చూసి ఎంచుకోండి.

వివాహ భోజనంబు పిల్లలు ఎప్పుడో చూసే ఉంటారు. వాళ్లకు తెలియనిది, సావిత్రి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నడిచే నడక. ఆ భాగం రాబోతోందని ముందే నవ్వే మేనమామే అసలు స్పాయిలర్. మీరు వెనక వరసలో కూర్చోండి. ఇంకోటి, ఇంత భారతంలో పాండవులు ఎక్కడా కనిపించరు. ఈ మాట ముందు చెప్పకండి, అయిపోయాక "భీముడు ఏ సీన్ల ఉండె?" అని అడగండి.

రీలు_డబ్బా:
ఆ వరసకు నాకూ అభ్యంతరం లేదు. 'బలగం' (2023) కూడా చేర్చుకోండి. ఊళ్లలో తెర కట్టి జనం కలిసి చూసిన సినిమా, చివరి పాట ఒంటరిగా ఫోన్లో వింటే సగమే తగులుతుంది. కానీ ఎనిమిది మంది ఇంటివాళ్ల వరకే ఉంచండి. కాలనీ మొత్తాన్ని పిలిచినా, టికెట్ పెట్టినా అది బహిరంగ ప్రదర్శన, హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి.

పరకాల_పిక్చర్:
ఒక్కటి మర్చిపోయిన. మే ఆఖర్ల వాన పడ్డ తెల్లారి పెట్టొద్దు, ఉసిళ్లు లేస్తయి. లెన్స్ ముంగట ఒక్కటి ఎగిరినా తెర మీద గద్దంత గనవడ్తది. మామూలు రోజుల్ల గుడ ప్రొజెక్టర్‌కు దూరంగ, మెట్ల దిక్కు ఒక బల్బు ఎలిగిచ్చి ఉంచుర్రి, పురుగులు దాని కాడికి పోతయి. ఆ ఎలుగు తెర మీద పడకుండ అట్ట అడ్డం పెట్టుర్రి.