ఆన్‌లైన్ థెరపీ: యాప్‌ని నమ్మాలా, మనిషిని చూడాలా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, వయసు 29. ఆరు నెలలుగా రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టడం లేదు. ఆదివారం సాయంత్రమైతే చాలు, సోమవారం గురించి టెన్షన్, గుండె దడ. ఆన్‌లైన్‌లో థెరపీ తీసుకుందామని చూస్తే ప్రతి యాప్‌లోనూ "మా నిపుణులు" అనే ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎలా ఎంచుకోవాలండీ?

జవాబు:
యాప్ సంగతి తర్వాత, మీతో మాట్లాడబోయే మనిషి ఎవరో ముందు చూడండి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయ్యాక మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతోనే చికిత్స. వాళ్ల పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబర్‌ని సీఆర్‌ఆర్ నంబర్ అంటారు, అది అడిగి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అడిగితే నొచ్చుకునేవాళ్లయితే అక్కడితో వదిలేయండి. "కోచ్" అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాళ్లలో మంచివాళ్లూ ఉంటారు, రెండు రోజుల సర్టిఫికెట్‌తో వచ్చినవాళ్లూ ఉంటారు.

ఇంకో మాట. దడ, నిద్రలేమి థైరాయిడ్ వల్ల కూడా రావచ్చు. ముందు మామూలు డాక్టర్‌కి చూపించి రక్తపరీక్ష చేయించుకోండి. అందులో ఏమీ లేకపోతే, సీబీటీ, అంటే ఆలోచనలూ అలవాట్లూ మార్చుకునేలా చేసే మాటల చికిత్స, చేసేవాళ్లని వెతకండి. నిద్రలేమికి ప్రత్యేకంగా సీబీటీ-ఐ అనే పద్ధతి ఉంది. "నిద్ర సమస్యకి మీరు వారం వారం ఏం చేయిస్తారు?" అని అడిగితే పని తెలిసినవాళ్లు నిద్ర డైరీ, పడుకునే వేళలు అంటూ సూటిగా చెబుతారు.

ఇంకో జవాబు:
ప్యాకేజీ మాత్రం కొనొద్దు తమ్ముడూ! డిస్కౌంట్ చూసి నేను ఒకచోట ఎనిమిది సెషన్లకు ఒకేసారి కట్టేశా. రెండు అయ్యేసరికి నా థెరపిస్ట్ ఆవిడ మానేశారు. కొత్తావిడకి మా నాన్నతో గొడవ దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాల్సి వచ్చింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఒక్కో సెషన్‌కే కట్టండి, మూడు నాలుగు అయ్యాక కుదరట్లేదనిపిస్తే మొహమాటం లేకుండా మార్చేయండి. తెలుగులో మాట్లాడేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. ఆఫీసు కష్టం ఇంగ్లిష్‌లో చెప్పగలను గానీ, అమ్మ మీద కోపం నాకు తెలుగులోనే వస్తుంది.

అడిగినవారు:
థాంక్స్ అక్కా. నేను చెప్పినవి బయటికి పోవు కదా? మందులు కూడా ఆన్‌లైన్‌లోనే రాస్తారా?

జవాబు:
2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టర్ వీడియోలో చూసి మందులు రాయొచ్చు, అన్ని మందులూ కాదు. కొన్నిటికి నేరుగా వెళ్లాల్సిందే. గోప్యతకి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు దానికి మినహాయింపు. డాక్టర్ నోరు కట్టేసుకున్నా యాప్ సంగతి వేరు. వినియోగదారుల ఆరోగ్య వివరాలు ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ఇచ్చిందన్న ఆరోపణపై 2023లో అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ థెరపీ సంస్థ 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందుకే సైన్ అప్‌లో అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు నింపేయకండి.

మరొకరు:
డబ్బు ఇబ్బందైతే, లేదా రాత్రిపూట భరించలేనట్టుంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదనిపిస్తే మాత్రం యాప్‌లు పోల్చుకుంటూ కూర్చోవద్దు, వెంటనే చేయండి, పక్కన ఎవరినైనా ఉంచుకోండి.

అడిగినవారు:
అంత దూరం రాలేదు, నంబర్ మాత్రం సేవ్ చేసుకున్నా. ముగ్గురిని సీఆర్‌ఆర్ నంబర్ అడిగా. ఒకరు వెంటనే పంపారు, ఒకరు మాట మార్చారు, ఇంకొకరు చూసి ఊరుకున్నారు. పంపినావిడతో శనివారం పదకొండింటికి మొదటి సెషన్. ఇంట్లో గోడలకి చెవులున్నాయి కాబట్టి పార్కింగ్‌లో కారులో కూర్చుని మాట్లాడతా. అక్కడ సిగ్నల్ వస్తుందో లేదో ఈ రోజే చూసుకోవాలి.