లైపో ప్యాక్‌లు వారమంతా ఫుల్ ఛార్జ్‌లో ఉంచితే తప్పేంటి?

నాగావళి ఒడ్డు:
మా జట్టుకి ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే ఆట) గన్ల లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ ప్యాక్‌లు ఎనిమిది, చందాలేసుకుని కొన్నవి. అన్నీ 3 సెల్స్, 11.1 వోల్టులు, 1300 ఎంఏహెచ్. ఛార్జర్ ఒక్కటే. అన్నీ విజయనగరంలో గంటస్తంభం అన్న దగ్గరే ఉంటాయి. మొన్న ఆదివారం బొబ్బిలి దగ్గర మామిడితోటలో ఆట. అన్న తెచ్చిన ప్యాక్‌ల్లో నాలుగు సగం ఛార్జే. పదకొండు కాకుండానే నా గన్ మూలుగుతూ ఆగిపోయింది. ముందురోజే ఫుల్ చేసి ఉంచొచ్చు కదా అంటే, అలా ఉంచితే పాడైపోతాయన్నాడు. నిజమేనా?

గంటస్తంభం:
నిజమే. సెల్ నిండితే 4.2 వోల్టులు, వాడకుండా ఉంచేటప్పుడు 3.8. నిండుగా ఉన్న సెల్‌కి ఎండ వేడి తోడైతే లోపలి ద్రవం విడిపోయి గ్యాస్ అవుతుంది. ఉబ్బేది అందుకే. మే నెలలో మా డాబా కింది గది ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఇక బాగా ఖాళీ చేసినా ముప్పే. 3 వోల్టుల కిందకు దిగితే సెల్ దెబ్బతింటుంది, ఇంకా బాగా కిందకు దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, తర్వాత ఛార్జ్ పెడితే లోపలే షార్ట్ కావచ్చు. నీ గన్‌లో తక్కువ వోల్టేజి దగ్గర ఆపేసే సర్క్యూట్ లేదు. మూలిగిన తర్వాత కూడా ఎన్నిసార్లు ట్రిగ్గర్ నొక్కావో గుర్తు చేసుకో.

పలాస జీడితోట:
నేను ఒప్పుకోను. 2018 తిత్లీ తుపానుకి మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ బ్యాటరీ అయినా నిండుగానే ఉంటుంది. నా ఫోన్ రోజూ రాత్రంతా ఛార్జింగ్‌లోనే, మూడేళ్ళయింది, ఏం కాలేదు.

చంపావతి:
ఫోన్ లోపల కాపలా సర్క్యూట్ ఉంటుంది బాబూ. ఈ ప్యాక్‌లకి ఉండదు. చూసుకోవాల్సింది మనమే.

పలాస జీడితోట:
సరే, మరి 3.8 ఎందుకు? నేను చదివినచోట 3.85 అని ఉంది. మీ లెక్క మీకే ఖచ్చితంగా తెలీదు.

గంటస్తంభం:
3.8 అయినా 3.85 అయినా ఒకటే. నా గొడవ 4.2తో.

పలాస జీడితోట:
ఒకటే ఎలా అవుతుంది? మూడు సెల్స్‌కి కలిపితే 11.4, 11.55. తేడా ఉందిగా! లెక్క చెప్పేవాడు లెక్క సరిగ్గా చెప్పాలి.

కొత్తపేట కుర్రాడు:
నాకు ఒక షాపువాడు నికెల్ ప్యాక్‌ల ఛార్జర్ అంటగట్టి లైపోకి కూడా పనికొస్తుందన్నాడు. రెండోసారికే ప్యాక్ ఉబ్బింది. అడిగితే నేనే సరిగ్గా దాచలేదన్నాడు. అప్పటి నుంచి దాచడం గురించి ఎవరు చెప్పినా నాకు కోపమే.

చంపావతి:
అది దాచడం తప్పు కాదు, ఛార్జర్ తప్పు. లైపోకి లైపో ఛార్జరే కావాలి, సెల్స్ అన్నీ సమంగా నిండేలా చూసే బ్యాలెన్స్ వైరు కూడా పెట్టాలి. 1300 ప్యాక్‌కి 1.3 ఆంపియర్లు దాటించొద్దు.

నాగావళి ఒడ్డు:
అన్నా, ఇవన్నీ మాకూ తెలుసు. ప్రతివారం ఎవరికి ఏ ప్యాక్ ఇవ్వాలో, ఎంత నింపాలో నువ్వే తేలుస్తున్నావు. మా డబ్బుతో కొన్నవాటి మీద నీ పెత్తనం ఏమిటి? ఫుల్ చేసి ఇవ్వడం అంత కష్టమా?

గంటస్తంభం:
కష్టమే. ఎంత కష్టమో ఇవాళ చెప్తాను.

సగం నుంచి ఒక్కో ప్యాక్ నిండడానికి ముప్పావుగంట. ఎనిమిదికి ఆరు గంటలు. శనివారం సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రి దాటుతుంది. పక్కన కూర్చునే ఉండాలి, వదిలేసి పడుకోలేను. మొన్న కరెంటు పోయింది కాబట్టి నాలుగే అయ్యాయి. కిందటి నెల మనకి తొమ్మిది ప్యాక్‌లుండగా ఒకదానికి చెకర్ (ఒక్కో సెల్ వోల్టేజి చూపించేది) పెడితే 3.80, 3.79, 3.58 చూపించింది. మూడో సెల్ పోయిందని పక్కన పెట్టాను. మీలో ఒకరు దాన్నే తీసుకెళ్ళి ఆడి, ఏమీ చెప్పకుండా సంచిలో పడేశారు. ఇంటికొచ్చి చూస్తే ప్యాక్ గుండ్రంగా ఉబ్బి ఉంది. బల్ల మీద పెడితే ఆనకుండా అటూ ఇటూ ఊగింది. ముక్కు దగ్గరికి రాగానే గోళ్ళరంగు తుడిచే మందులా తీపి వాసన. దాన్ని ఇసుక బకెట్‌లో పెట్టి రాత్రి డాబా మీద కాపలా కూర్చున్నాను.

మాది రెండు గదుల ఇల్లు. ప్యాక్‌ల పెట్టె ఉన్న గదిలోనే మా అమ్మ పడుకుంటుంది. నిండుగా ఉన్న ప్యాక్ అంటుకుంటే సగం ఉన్నదానికన్నా చాలా ఉధృతంగా మండుతుంది. మీకు ఆదివారం పొద్దున ఫుల్ కావాలి. మిగతా ఆరు రోజులు ఆ ఎనిమిదీ మా అమ్మ మంచం పక్కన ఉంటాయి. ఒక్కరైనా రెండు మీ ఇంటికి తీసుకెళ్తామని అన్నారా?

చంపావతి:
అన్నగారూ, ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదే.

నాగావళి ఒడ్డు:
ఉబ్బినదాన్ని తీసుకెళ్ళింది నేనే అన్నా. పక్కన పెట్టావని తెలీక తీశాను. ఉబ్బడం చూసి భయపడి చెప్పలేదు. తప్పయింది. ఆ పెత్తనం మాట కూడా అనకూడనిది.

గంటస్తంభం:
నువ్వేనని అనుకున్నాను. సరే.

పలాస జీడితోట:
నా ఇంట్లో ఒక్కటి నిండుగానే ఉంటుంది, తుపాను కోసం. అందులో మార్పు లేదు. కానీ ఎనిమిదీ ఒకే ఇంట్లో పెట్టడం తప్పే. నాకు రెండివ్వండి.

చంపావతి:
నాకూ రెండు. ఆట అయ్యాక చెకర్ పెట్టి చూసుకుంటే చాలు, సగం వాడిన ప్యాక్ దానంతటదే 3.8 దగ్గర ఉంటుంది. దాచడానికి వేరే ఛార్జింగ్ అక్కర్లేదు. చెకర్ వంద, రెండొందల్లో వస్తుంది.

కొత్తపేట కుర్రాడు:
ఉబ్బినదాన్ని ఏం చేశారు?

గంటస్తంభం:
మరునాడు పొద్దున ఆరుబయట ఇటుకల మధ్య పెట్టి, దూరంగా ఉండి, 12 వోల్టుల బండి బల్బుతో పూర్తిగా దించేశాను. టేప్ చుట్టి పెట్టాను, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి. చెత్తబుట్టలో మాత్రం వెయ్యను.

నాగావళి ఒడ్డు:
మా ఇంట్లో పెద్ద మట్టికుండ ఉంది, వరండాలో పెడతాను, పైన మూత బిగించను. శనివారం ఆరింటికి వస్తాను అన్నా, నా రెండూ ఆ రోజు ఇచ్చెయ్. అప్పటిదాకా ఆ పెట్టె అమ్మగారి గదిలోంచి డాబా మెట్ల కిందకి మార్చెయ్, నీడ ఉంటుంది.

పలాస జీడితోట:
3.85 అని రాసి పెట్టుకోండి.