పంది, వరాహం, సూకరం: వాడుక గురించి సందేహం

నమస్కారం. సింహాచలంలో స్వామిని వరాహ లక్ష్మీనరసింహుడని భక్తితో కొలిచే మనమే, 'పంది ఎంత బలిసినా నంది కాదు' అన్న సామెతలో అదే జంతువును చిన్నచూపు చూస్తాము. తమిళంలో పన్ఱి, కన్నడంలో హంది అని ఉన్నందున 'పంది' ద్రావిడ పదమని, వరాహం, సూకరం సంస్కృతం నుండి వచ్చాయని తెలుసు. అయితే ఎలుక జాతికి చెందిన పందికొక్కుకు (ఆంగ్లంలోని బాండికూట్ ఈ మాట నుండే పుట్టింది), ముళ్ళపందికి కూడా ఈ పేరు రావడానికి రూపసామ్యమే కారణమా?

అంతకన్నా ముఖ్యంగా, పందుల పెంపకమే జీవనాధారమైన కుటుంబాలవారు మగపందికి, ఆడపందికి, ఈనిన పందికి, వయసును బట్టి పిల్లలకు వేరువేరు పేర్లు వాడుతారా? మీరు విని ఉంటే, ఏ జిల్లాలో విన్నారో కూడా దయచేసి తెలియజేయగలరు.