సమస్యాపూరణం: బంతి తాకనతడె బంటు మనకు

నిర్వాహకుడు (శుక్రవారం, 11 ఏప్రిల్ 2025):

రేపు రాత్రి 7:30కి కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ ఫైనల్. మన బెంగళూరు ఎఫ్‌సీకి ఎదురు అక్కడి జట్టు మోహన్ బగాన్. వారం నుంచి మన పద్యాల గుంపులో గణాల కన్నా గోల్స్ మాటలే ఎక్కువగా నడుస్తున్నాయి. సెమీఫైనల్లో గోవా మీద మన ఛేత్రి ఆఖర్లో దిగి, ఇంజురీ టైమ్‌లో తలతో గోలు కొట్టినప్పటి నుంచి ఎవరికీ కుదురు లేదు. ఆ టెన్షనంతా పద్యంలోకి రానివ్వండి. ఇది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి:

బంతి తాకనతడె బంటు మనకు

అరసున్నలు, సరళాదేశాల లాంటి పాత వ్యాకరణ నియమాలు పట్టించుకోను. కార్నర్ (మైదానం మూల నుంచి వేసే బంతి), బాక్స్ (గోలు ముందు గీసిన చోటు) లాంటి మాటలు పద్యంలోకి రావచ్చు. గణం (గురులఘువుల కూర్పు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) మాత్రం తప్పకూడదు. బంతిపువ్వనో, భోజనాల బంతి అనో అర్థం మార్చి తప్పించుకోవద్దు. రేపటి ఆటలో ఎవరికి ఎవరు ఎదురుపడతారో అక్కడి నుంచే ఈ పాదంలోని చిక్కుకు విడుపు రావాలి. తొంభై నిమిషాల ఆటలో ఒక్కొక్కడి కాలి దగ్గర బంతి ఉండేది చాలా కొద్దిసేపు. మిగతా సమయమంతా బంతి లేకుండా ఏం చేశాడన్న దాని మీదే చాలా ఫైనళ్ళు తేలాయి. ఈ పాదం ఇవ్వడానికి కారణం అదే.

ఎలహంక అక్క:

కార్నరొచ్చువేళ కదలి ముందుకు పోయి
వెంబడించువాని వెంట లాగి
ఛేత్రి తలకు చోటు చేసి యిచ్చెడువాడు
బంతి తాకనతడె బంటు మనకు

2018 ఫైనల్ మన కంఠీరవ స్టేడియంలోనే జరిగింది. తొమ్మిదో నిమిషంలో ఛేత్రి గోలు కొట్టాడు, స్టేడియం ఊగిపోయింది. ఆ తర్వాత చెన్నయిన్ డిఫెండర్ మైల్సన్ ఆల్వెస్ రెండు కార్నర్లకు రెండు హెడర్లు కొట్టాడు. చివరికి 2-3తో ఓడిపోయాం. మరుసటి ఏడాది ముంబయిలో గోవా మీద 117వ నిమిషంలో గెలిపించింది కూడా కార్నరే. దిమాస్ దెల్‌గాదో వేశాడు, రాహుల్ భేకే తల పెట్టాడు. హైలైట్స్‌లో తల పెట్టినవాడే కనిపిస్తాడు. వాడి ముందు నుంచి మార్కర్‌ను (కాపలా కాసేవాడిని) లాక్కుపోయిన వాడిని ఎవరూ చూడరు. ఈ పద్యం వాడికి.

జయనగర మాస్టారు:

అమ్మా, భావం చాలా బాగుంది. "వెంబడించువాని వెంట లాగి" అన్న పాదంలో మార్కింగ్ ఎలా విడిపోతుందో కళ్ళకు కట్టింది. కాపలా కాసేవాడు తన మనిషిని వదలకూడదు కాబట్టి వెంట పోతాడు, అతను వదిలిన చోటే గోలుకు దారి అవుతుంది. ఒక్కటే సవరణ. "కార్నరొచ్చు" అనేది మాటల్లో బాగానే ఉంటుంది గానీ పద్యంలో "వచ్చు" అనాలి, అలా అంటే గణం పోతుంది. "కార్నరైనవేళ" అనండి. గణాలు చెడవు, కా–క యతి అలాగే నిలుస్తుంది.

ఎలహంక అక్క:

ధన్యవాదాలు మాస్టారూ, మార్చేశాను.

కెంగేరి తమ్ముడు:

అక్కా, ఆ పరుగు ఎవరు తీయాలంటారు? నా లెక్కలో భేకే. 2019 గోలు అందరికీ గుర్తుంది కాబట్టి అతను ఫస్ట్ పోస్ట్ (కార్నర్ వేసే వైపున్న గోలు స్తంభం) వైపు కదిలితే బగాన్ వాళ్ళు ఒక మనిషిని తప్పకుండా వెంట పంపుతారు. ఆ పంపేది వాళ్ళ డిఫెండర్లు ఆల్డ్రెడ్‌నో ఆల్బెర్తోనో అయితే వెనక ఛేత్రికి గాలిలో పోటీ సగం తగ్గినట్టే. అసలు భయం మాత్రం మన బాక్స్‌లో. ఆల్బెర్తో, శుభాశీష్ బోస్ ఇద్దరూ డిఫెండర్లే, అయినా ఈ సీజన్‌లో గోల్స్ బాగా కొట్టారు. మనం వేసే ఎత్తు వాళ్ళకూ తెలుసు.

మారతహళ్ళి అన్న:

చేతి కంటు బంతి చేటు తెచ్చును గాన
వీపు వెనుక చేయి పెట్టి నిలిచి
బాక్సులోన షాటు వచ్చిన బెదరని
బంతి తాకనతడె బంటు మనకు

2023 గోవా ఫైనల్ మర్చిపోలేం. ఇదే బగాన్‌తో. మామూలు సమయంలో పడిన నాలుగు గోల్స్‌లో మూడు పెనాల్టీలే. మొదటిది మన రాయ్ కృష్ణ చేతికి బంతి తగలడంతో వచ్చింది, అప్పటికి ఆట 14వ నిమిషంలోనే ఉంది. ఆ పెనాల్టీని బగాన్ ఆటగాడు పెత్రాతోస్ గోలు చేశాడు. రేపు వాళ్ళ వింగర్లు లోపలికి తిరిగి కొట్టినప్పుడు మనవాళ్ళ చేతులు ఎక్కడున్నాయన్నదే నేను చూస్తాను.

కెంగేరి తమ్ముడు:

అన్నా, రెండో పాదంలో వీ–పె యతి చెల్లుతుందా? నాకు సందేహంగా ఉంది.

జయనగర మాస్టారు:

చెల్లుతుంది నాయనా. ప, ఫ, బ, భ, వ ఒకదానితో ఒకటి యతికి కుదురుతాయి. ఈ–ఎ స్వరాలకూ మైత్రి ఉంది. మూడో పాదంలో బా–వ కూడా అదే సూత్రం. యతి గురించి నిశ్చింతగా ఉండు. నా అభ్యంతరం వేరే ఉంది. షాట్‌కు అడ్డం నిలబడ్డవాడి కాలికో ఛాతీకో బంతి తగిలితే మంచిదే కదా? "బంతి తాకనతడె" అన్నప్పుడు చేయి ఒక్కటే అని పాఠకుడు గుర్తుపెట్టుకోవాలి. మొదటి పాదం "చేతి కంటు బంతి" అని ఎత్తుకోవడం వల్లే పద్యం నిలబడింది. ఆ మాట మూడో పాదంలో ఉంటే అర్థం ఇంత త్వరగా తేలేది కాదు.

మారతహళ్ళి అన్న:

అందుకే దాన్ని పైకి తెచ్చాను మాస్టారూ. చేతులు వెనక్కి కట్టుకుంటే ఒంటి బ్యాలెన్స్ పోతుంది, చటుక్కున పక్కకు తిరగలేరు. ఆ ఇబ్బంది తెలిసీ కట్టుకునే డిఫెండర్ అంటే నాకు గౌరవం.

కోరమంగళ తమ్ముడు:

అందరికీ నమస్కారం. ఇక్కడ నా మొదటి పూరణ ఇది. తప్పులుంటే చెప్పండి.

టీవి యెదుట కూరుచుండి కేకలు వేసి
కోలకతను తాకు గొంతుతోడ
నీలిరంగు చొక్క నిండుగా తొడిగిన
బంతి తాకనతడె బంటు మనకు

జయనగర మాస్టారు:

రా తమ్ముడూ, రా. గణాలన్నీ సరిగ్గా పడ్డాయి, మొదటి పూరణలో అది చిన్న విషయం కాదు. రెండో పాదం చాలా బాగుంది. రెండు చోట్ల సరిచేయాలి. మొదటి పాదంలో "టీ"కి నాలుగో గణం మొదటి అక్షరం "చుం"తో యతి లేదు, ప్రాసయతీ (వాటి రెండో అక్షరాలు కలవడం) లేదు. రెండోది అన్వయం, అంటే మాటల పొందిక. "తొడిగిన / బంతి" అని పాదం దాటగానే చొక్కా తొడుక్కున్నది బంతి అన్న అర్థం వస్తోంది. మూడో పాదాన్ని "వాడు" అని ముగించు, ఇబ్బంది తీరిపోతుంది.

నిర్వాహకుడు:

అభిమానిని బంటుగా నిలబెట్టడం నాకు నచ్చింది. ఆటగాళ్ళ ఎదురుబొదురు నుంచి విడుపు రావాలన్న నియమానికి కాస్త దూరమే అయినా తీసుకుంటున్నాను. కంఠీరవలో మన అభిమానులుండే వెస్ట్ బ్లాక్ పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ గొంతు ఏం చేస్తుందో తెలుసు. రేపు అది మనకు దక్కదు. గత సెప్టెంబరులో ఇక్కడ బగాన్‌ను 3-0తో ఓడించాం, జనవరిలో అక్కడికి వెళ్ళి లిస్టన్ కొలాసో గోలుతో 0-1తో తిరిగొచ్చాం. పచ్చగడ్డి ఒకటే అయినా గ్యాలరీ వేరు.

కెంగేరి తమ్ముడు:

నా వంతు.

దారి మూసి నిలువ దాటదు పాసైన
అపుయ కాలి కెట్టు లందు బంతి?
నీడ వోలె కదలి నిలువరించెడువాడు
బంతి తాకనతడె బంటు మనకు

వాళ్ళ మిడ్‌ఫీల్డర్ అపుయా బంతి తీసుకుని ముందుకు తిరిగాడంటే బగాన్ ఆట మొత్తం తెరుచుకుంటుంది. సెమీఫైనల్లో జంషెడ్‌పూర్ మీద ఆఖరి నిమిషాల్లో దూరం నుంచి కొట్టి గెలిపించింది అతనే. అందుకని అతని మీదికి దూకకుండా, అతనికి పాస్ వచ్చే దారిలో నిలబడాలి. మన సురేశ్ వాంగ్జామ్ ఆ పని చేయగలడు. వాళ్ళ డిఫెండర్లు పాస్ ఇవ్వబోయి, అపుయా కనబడక, పక్కకు ఆడేస్తారు. అలా పది సార్లు ఆడించామంటే సురేశ్ బంతి ముట్టకుండానే వాళ్ళ దాడి మొద్దుబారుతుంది.

మారతహళ్ళి అన్న:

తమ్ముడూ, ఆట లెక్కలో ఇంతవరకు వచ్చిన వాటిలో ఇదే బలమైనది. కానీ ఒక మాట. సురేశ్ రాత్రంతా నీడలా తిరుగుతుంటే బంతి దొరికిన మరుక్షణం ముందుకు పాస్ ఇచ్చేది ఎవరు? మన ఫార్వర్డ్ మెందెజ్ పరుగుకు బంతి అందించే కాలు కూడా మనకు కావాలి. అపుయాను ఆపడానికి మన ఆటనే ఆపుకోకూడదు.

కెంగేరి తమ్ముడు:

ఒప్పుకుంటాను అన్నా. మొదటి అరగంట నీడలా ఉండి, ఆ తర్వాత ఆ పని ఛేత్రికి అప్పగించాలి. ఛేత్రి ముందు నుంచే ఆ దారి మూయగలడు, వయసు 40 అయినా ఎక్కడ నిలబడాలో అతనికి చెప్పక్కర్లేదు.

జయనగర మాస్టారు:

పద్యం మాట కూడా చెప్పుకుందాం. రెండో పాదంలో "ఎట్టులు + అందు" సంధిలో ఉన్న అకారానికి అపుయ లోని అకారంతో యతి వేశావు. సరిగ్గా ఉంది. సమస్యలో "బంతి" ఉండగా రెండో పాదం చివర మళ్ళీ "బంతి" రావడం మాత్రం నాకు రుచించలేదు. సమస్యలో ఉన్న ముఖ్యమైన మాటను పై పాదాల్లో దాచిపెడితే నాలుగో పాదం చేరేసరికి దానికి బలం వస్తుంది.

హెబ్బాళ అక్క:

గుండె లదర నెదుట గుర్‌ప్రీతు నిలువగ
తన్నువాని గురియె తప్పి, యెగసి
బారు మీదుగాను బైటికే పోయిన
బంతి తాకనతడె బంటు మనకు

ఎలహంక అక్క:

అబ్బ! "బైటికే పోయిన బంతి తాకనతడె"... సమస్యలోని మొదటి మాటను మూడో పాదానికి ఎంత చక్కగా అతికించారు!

జయనగర మాస్టారు:

తమ్ముడి పద్యంలో తప్పయిన చోటే ఇక్కడ పద్యం గెలిచింది. అక్కడ "తొడిగిన బంతి", ఇక్కడ "పోయిన బంతి". విశేషణం దేని మీద వాలుతుందో ముందే చూసుకుని, సమస్యను రెండుగా విడదీసి వాడుకున్నారు. పైగా "బంతి" అన్న మాట పైన ఎక్కడా రాలేదు, బంతి చేసిన పనులు మాత్రమే చెప్పారు. బా–బై యతి కూడా శుద్ధం. నేనైతే ఒక్క అక్షరం మార్చను.

మారతహళ్ళి అన్న:

పద్యం గొప్పగా ఉందక్కా. చదువుతుంటే మాత్రం గుండె కలుక్కుమంది. 2023లో షూటౌట్ (చివరి పెనాల్టీల పోటీ) దాకా వెళ్ళాం, 3-4తో పోయింది. మన బ్రూనో కొట్టినదాన్ని వాళ్ళ గోల్‌కీపర్ విశాల్ కైత్ ఆపాడు. మన పాబ్లో పెరెజ్ కొట్టినది గోలు పై బారు మీదుగా వెళ్ళిపోయింది. ఆ రెండో బంతిని కైత్ ముట్టుకోనే లేదు. మీ పద్యం ఆ రాత్రి వాళ్ళ పక్షాన నిజమైంది.

హెబ్బాళ అక్క:

ఆ బంతిని చూసే ఈ పద్యం రాశాను అన్నా. గోల్‌కీపర్ ఆపితేనే అతని గొప్ప అనుకుంటాం. కొట్టబోయేవాడు తల ఎత్తి చూసినప్పుడు గోలు చిన్నదిగా కనిపించాలి, మూలకే కొట్టాలన్న భయం పుట్టాలి, ఆ భయంలో కాలు బంతికి కొంచెం కిందగా తగలాలి. మన కీపర్ గుర్‌ప్రీత్ అంత ఎత్తు మనిషి గీత మీద చేతులు చాచి నిలబడితే ఆ సగం పని అయిపోతుంది. ఈసారి అది మన వైపు జరగాలి.

నిర్వాహకుడు:

నా తీర్పు చెప్తాను. పద్యంగా హెబ్బాళ అక్కది మొదటిది, అందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే రేపు నిజం కావాలని నేను కోరుకునేది ఎలహంక అక్క పద్యం. షూటౌట్ దాకా వెళ్ళకుండా, ఒక కార్నర్‌కి, ఎవరో ఒకరు ముందుకు పరుగెత్తి చోటు విడిపించగా, ఛేత్రి తలతో తేలాలి. కెంగేరి తమ్ముడు రెండో పాదాన్ని బంతి మాట లేకుండా తిరగరాస్తే ఆ పద్యం స్థానం మారుతుంది. రేపు ఆట మొదలయ్యే దాకా పూరణలు తీసుకుంటాను.

కోరమంగళ తమ్ముడు:

మాస్టారూ, మీరు చెప్పినట్టు సరిచేశాను. చూడండి.

కోరమంగళాన కూరుచుండి యరచి
కోలకతను తాకు గొంతుతోడ
నీలిచొక్క తొడిగి నిద్రమానినవాడు
బంతి తాకనతడె బంటు మనకు

జయనగర మాస్టారు:

కో–కూ, కో–గొ, నీ–ని. మూడు యతులూ సరిపోయాయి, అన్వయమూ కుదిరింది. ఆట మా ఇంట్లో చూద్దువు గాని, రేపు ఏడింటికల్లా వచ్చెయ్.