ఆర్గ్ మోడ్ క్యాప్చర్ టెంప్లేట్‌లో గుంట పేరు అడిగేటట్టు పెట్టేది ఎట్టా?

ప్రశ్న (కావలి): అన్నా, మా రొయ్యల గుంటల మేత, ఆక్సిజన్ రీడింగులు ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్లో, దాని నోట్సు పద్ధతి ఆర్గ్ మోడ్‌లో, క్యాప్చర్ టెంప్లేట్ (ముందే చేసి పెట్టుకునే నోటు అచ్చు) పెట్టుకోని రాస్తా ఉండా, ప్రతిసారీ టైమూ గుంట పేరూ చేత్తో కొట్టాల్సొస్తాంది, పైగా అన్నీ ఫైల్ అడుక్కి పోయి పడతాండాయి, తేదీల వారీగా రావాలంటే ఎట్టా?

జవాబు 1: టెంప్లేట్‌లో టార్గెట్‌కి, అంటే నోటు పోయి పడే చోటికి, ఫైల్ ప్లస్ ఓఎల్‌పీ ప్లస్ డేట్‌ట్రీ పెట్టు, సంవత్సరం నెల రోజు హెడ్డింగులు అదే కట్టుకుంటది. గుంట పేరుకి పర్సెంట్, క్యారెట్, తర్వాత మీసాల బ్రాకెట్లో ప్రశ్న రాసి నిలువు గీతలు కొట్టి పేర్లివ్వు, మొదటిదే డీఫాల్ట్. టైమ్‌కి పర్సెంట్ క్యాపిటల్ యూ.

జవాబు 2 (ఒంగోలు): టైమ్‌కి పర్సెంట్ క్యాపిటల్ టీ మాత్రం పెట్టబాక సామీ, అది యాక్టివ్ టైమ్ స్టాంపు, మేతేసిందల్లా అజెండాలో (ఆర్గ్ చూపించే తేదీల వారీ పనుల పట్టీలో) ఎక్కి కూర్చుంటది.

ప్రశ్న వేసినాయన: వచ్చిందన్నా! టేబుల్ వరసలాగా రావాలంటే?

జవాబు 1: టెంప్లేట్ టైప్ దగ్గర ఎంట్రీ తీసేసి టేబుల్ లైన్ పెట్టు.