క్వార్కు పదార్థం: క్రిటికల్ పాయింట్ దగ్గర సాల్వర్ నిలవడం లేదు, సాయం కావాలి

రెండు ఫ్లేవర్ల (అప్, డౌన్ రకాల క్వార్కుల) ఎన్‌జేఎల్ మోడల్‌తో, అంటే క్వార్కుల పరస్పర చర్యలను సరళంగా వర్ణించే నంబు-జోనా-లాసినియో నమూనాతో, క్వార్కు పదార్థం ఫేజ్ డయాగ్రాం (ఏ పరిస్థితుల్లో ఏ దశలో ఉంటుందో చూపే పటం) గీస్తున్నాను. కటాఫ్ (సమాకలనాల్లో తీసుకునే గరిష్ఠ మొమెంటం) 651 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్టులు), కరెంట్ ద్రవ్యరాశి (పరస్పర చర్యలు లేనప్పటి క్వార్కు ద్రవ్యరాశి) 5.5 ఎంఈవీ. శూన్యంలో క్వార్కు ద్రవ్యరాశి సుమారు 325 ఎంఈవీ, సరిగ్గానే వస్తోంది.

ఉష్ణోగ్రత 20 ఎంఈవీ ఉన్నప్పుడు, క్వార్కు కెమికల్ పొటెన్షియల్ (క్వార్కుల సాంద్రతను నిర్ణయించే రాశి) 340 ఎంఈవీ దాపుల్లో గ్యాప్ సమీకరణానికి (క్వార్కు ద్రవ్యరాశిని ఇచ్చే సమీకరణం) మూడు మూలాలుంటాయి. న్యూటన్ పద్ధతి మొదటి ఊహను బట్టి ఏదో ఒకదానికి అతుక్కుంటుంది. అందుకే పొటెన్షియల్ పెంచుతూ పోతే ఒక గీత, తగ్గిస్తూ వస్తే ఇంకో గీత. అవి స్పైనోడల్ అంచులు (ఒక దశ తాత్కాలికంగానైనా నిలవగలిగే హద్దులు), అసలు ఫేజ్ మార్పు రేఖ కాదు. ద్రవ్యరాశిని స్థిరంగా పట్టి పొటెన్షియల్ కోసం సాధిస్తే మాత్రం ఒకే జవాబు. ఆ వక్రంలో మొదటి, రెండో అవకలజాలు కలిసి సున్నా అయ్యేచోటే క్రిటికల్ పాయింట్ (హఠాత్తుగా జరిగే ఫేజ్ మార్పు రేఖ ముగిసే బిందువు). ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

చిక్కంతా పోల్యకోవ్ లూప్ (క్వార్కులు బంధింపబడి ఉన్నాయో విడివడ్డాయో సూచించే రాశి) కలిపాకే. కెమికల్ పొటెన్షియల్ సున్నా కానప్పుడు లూప్, దాని కాంజుగేట్ వేర్వేరు విలువలు తీసుకుంటాయి. పరిష్కారం కనిష్ఠం కాదు, శాడిల్ పాయింట్ (ఒక దిశలో కనిష్ఠం, మరో దిశలో గరిష్ఠం). కాబట్టి కనిష్ఠాన్ని వెతికే మినిమైజర్లు పనికిరావు. న్యూటన్ అడుగు కాస్త పెద్దదైతే లూప్ శక్తి సూత్రంలోని లాగరిథం లోపలి విలువ ఋణాత్మకమై లెక్క ఆగిపోతోంది. అడుగును సగం చేసుకుంటూ పోవడం కన్నా నమ్మకమైన దారి ఉందా? కటాఫ్‌ను శూన్య భాగానికే పరిమితం చేస్తే క్రిటికల్ పాయింట్ ఎటు జరుగుతుంది? ఈ లెక్క చేసినవాళ్లు దయచేసి చెప్పండి.